మీ ఆయన్ని మీ అమ్మ ఏమని పిలుస్తుంది?

బ్లడ్ బ్యాంకులో నా చేతికింద చేరిన పిల్లలందరికీ మొదట్లోనే ఒక ప్రశ్న నేర్పేదాన్ని. కాన్పుకొచ్చిన ఆడమనిషికి ఏ సంచి రక్తమూ సరిపడడం లేదంటే, ఆమెను జనంలోంచి పక్కకు తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, “మీ ఆయన్ని మీ అమ్మ ఏమని పిలుస్తుంది?” అని అడగాలి. పిల్లలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. మేడంకు చాదస్తం ముదిరిందని వెనకాల అనుకోవడం నా చెవిన పడేది. పడితే పడనీ అని ఊరుకునేదాన్ని. ఆ ప్రశ్న నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. వెంగమ్మ అనే గొర్రెలకాపరుల ఇంటి ఆడపిల్ల వల్ల నేర్చుకున్నాను. ఆమెకు మాత్రం అది పనికిరాలేదు.

నేను రిటైరయ్యాక, నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఒకతి ఫోన్ చేసింది. ఆ ప్రశ్న అడగమన్నారు గానీ ఎందుకో ఎప్పుడూ చెప్పలేదేం మేడం అంది. చెప్పబోయి, కూర మాడిపోతోందని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నా ప్రమోషన్లూ బదిలీలూ ఎవరికి కావాలి? ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు పనికొచ్చేది ఏదైనా ఉంటే అది ఈ ఒక్క కేసులోనే ఉంది.

రక్తంతో ఉద్యోగం

మాది ఆత్మకూరు. నాయనది కిరాణా హోల్‌సేలు కొట్టు. డిగ్రీ అయ్యాక కొట్లో కూర్చోమన్నాడు. నేను ల్యాబు కోర్సు చదువుతానంటే మా అవ్వ నెత్తి కొట్టుకుంది. కోమట్ల పిల్లవు, రక్తం పట్టే ఉద్యోగం ఏందే అని నాతో చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆమెకే రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు, ఎవరిదో చెప్పబాకు, ఎక్కించెయ్ అని కళ్ళు మూసుకుంది.

చేసిన ఆసుపత్రుల పేర్లు రాయను. కొన్నేళ్ళు ఉదయగిరిలో, ఎక్కువ కాలం ఆత్మకూరులో. బ్లడ్ బ్యాంకు అంటే రక్తం ఇచ్చే చోటని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో సగం రోజులు ఆ రక్తం వద్దని చెప్పడంతోనే సరిపోయింది. రోగి రక్తంలోని తేటనీ, దాత రక్తంలోని కణాలనీ ఒక చిన్న గాజు గొట్టంలో కలుపుతాం. కణాలు ముద్దకడితే ఆ సంచి పనికిరాదు. సాఫీగా పారితే పనికొస్తుంది. దీన్నే క్రాస్‌మ్యాచ్ అంటాం. బయట కూర్చున్న చుట్టాలకు ఇదేమీ తెలియదు. గ్రూపు ఒకటే కదా, ఇంకా ఏం చూస్తారు, డబ్బులు గుంజడానికి కాకపోతే అని కసురుతారు. కసిరితే కసరనివ్వండి. తొందరపడి గొట్టాన్ని సగం చూసి సంచి ఇచ్చేస్తే లోపల మనిషి పోతుంది.

మా పెద్ద డాక్టరు గారి దగ్గరే ఇదంతా నేర్చుకున్నాను. ల్యాబుకు ఆయనే అధికారి. చాలా కోపిష్టి. గొట్టం ఆయన చేతికిచ్చే ముందు నేనేం చూశానో పైకి చెప్పాలి. చెప్పకపోతే ఆయన దానివైపు కూడా చూడడు. “నువ్వు చూడంది నేను చూస్తే నీకేం వస్తుంది?” అనేవాడు. మొదటి ఏడాది ఆయన్ని తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు ఆయన మీద నాకున్నది గౌరవమే. దాంతోపాటు ఇంకోటి కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

గరిటెల మస్తాన్

రక్తం గ్రూపు పక్కన రాసే ఆర్‌హెచ్ గురించి మీకు ముందు కాస్త చెప్పాలి. పాజిటివ్, నెగటివ్ అని జనం అనేది కణం మీద ఉండే ఒక్క గుర్తును పట్టి. దాని పేరు డి. ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. కానీ ఆ ఆర్‌హెచ్ కుటుంబంలోనే ఇంకో రెండు జతల గుర్తులున్నాయి. పెద్ద సి, చిన్న సి ఒక జత. పెద్ద ఇ, చిన్న ఇ ఒక జత. ఒక్కో జతలో కనీసం ఒకటి ప్రతి మనిషికీ ఉంటుంది. ఉండి తీరుతుందనే ధైర్యంతోనే రోజూ మా పని నడుస్తుంది, అందుకే వాటిని ఎవరూ చూడరు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే మస్తాన్ అని ఒకాయన ఉండేవాడు. ఒక ల్యాబులో పాజిటివ్ అన్నారు, ఇంకో ల్యాబులో నెగటివ్ అన్నారు. రెండు కాగితాలూ తెచ్చి నా బల్లమీద పెట్టి, నా గరిటె ఎవరు కొలిచినా ఒకటే పొడుగు వస్తాది, మీ చదువులు ఎందుకమ్మా తగలెయ్యనా అన్నాడు. ఆయన డి చాలా బలహీనమైనది. గుర్తును వెతకడానికి మేం వేసే ఒక మందుచుక్కకు కణాలు ముద్దకట్టి అది కనిపించింది, ఇంకో రకం చుక్కకు కనిపించలేదు. రెండు ల్యాబులూ అబద్ధం చెప్పలేదని ఆయనకు నచ్చజెప్పేసరికి నాకు నోరు నొప్పి పుట్టింది. చివరికి శాంతించి, మర్నాడు నాకో గరిటె తెచ్చిచ్చాడు. ఇప్పటికీ పప్పు దాంతోనే తిప్పుతాను. రక్తం మీద రాసే అక్షరం మనం ఏ చుక్క వేసి అడిగామన్న దాన్ని బట్టి వస్తుందని ఆ రోజు అర్థమైంది. మనుషుల జవాబులు కూడా అలాగే వస్తాయని తెలుసుకోవడానికి మాత్రం వెంగమ్మ రావాల్సి వచ్చింది.

ఓపీ వరస

వెంగమ్మ గురించి చెప్పేముందు మా కాన్పుల డాక్టరమ్మ గురించి చెప్పాలి. చెయ్యి బంగారం. ఆమె బతికించిన తల్లులు ఈ మండలాల్లో ఊరికి పదిమంది ఉంటారు. నోరు మాత్రం నిప్పు. కడుపుతో ఉన్నవాళ్ళు వరసలో నిలబడితే అందరి ముందే అడిగేది: మేనరికమా? అవునంటే ఇక చూడండి. చదువూ సంధ్యా లేని మొహాలు, అవిటి పిల్లల్ని కని మా ప్రాణం తీస్తారు, మీ అమ్మకు బుద్ధి లేకపోతే నీకైనా ఉండక్కర్లేదా అని దులిపేసేది. ఆమె చెప్పేది శాస్త్రం ప్రకారం నిజమే. కానీ తిట్టు తిన్న పిల్ల తల వంచుకుని బయటికెళ్ళి, కొళాయి దగ్గర ఇంకో పిల్లకు చెప్పేది: బయట సంబంధం అని చెప్పు, ఏమీ అనదు.

అలా కొన్నేళ్ళలో మా ఆసుపత్రికొచ్చే ఆడవాళ్ళలో మేనరికం దాదాపు మాయమైపోయింది. డాక్టరమ్మ తన మాట జనం విన్నారని సంతోషపడింది. పెళ్ళి పందిళ్ళలో మాత్రం అక్క కూతుళ్ళూ, మేనత్త కొడుకులూ ఎప్పటిలాగే పీటల మీద కూర్చుంటున్నారు. నేను ఆ పెళ్ళిళ్ళకు పోయి భోజనం చేసి వచ్చేదాన్ని. అయినా ఈ రెండింటికీ ముడి వెయ్యాలని నాకూ తోచలేదు.

వెంగమ్మ

నేను ఆత్మకూరుకు వచ్చాక, ఆమెను ఉదయగిరి నుంచి అంబులెన్సులో తెచ్చారు. వరికుంటపాడు పక్క పల్లె. గొర్రెలూ, కాస్త మెట్టచేనూ ఉన్న కుటుంబం. ఎనిమిదో నెల. మొహంలో రక్తం చుక్క లేదు. వెంట తల్లి రమణమ్మ, మొగుడు పెంచలయ్య. తండ్రి ఎప్పుడో పోయాడట. పెంచలయ్య ఆమెకంటే బాగా పెద్దవాడు, అడిగితే తప్ప మాట్లాడడు. రమణమ్మ ఆయన్ని “అల్లుడుగోరూ” అని పిలిచేది. మొదటిసారి పిలిస్తే ఆయన తిరిగేవాడు కాదు. రెండోసారి పిలిస్తే ఉలిక్కిపడి చూసేవాడు. పాపం చెవుడేమో అనుకున్నాను.

ఆమెకు అది మూడో కడుపు. మొదటిది మధ్యలోనే పోయింది, అప్పుడు ఎక్కడో ఒక సంచి రక్తం ఎక్కించారు. రెండోది పుట్టి, పసుపు పూసినట్టు పచ్చబడిపోయి చచ్చిపోయింది. ఈ మూడోదైనా దక్కాలని రమణమ్మ ఎక్కని కొండ లేదు. వెంగమ్మ మాత్రం నాతో ఒకే మాట అంది. “ఈసారి బిడ్డ ఏడిస్తే వినాలని ఉండాది అమ్మా. రెండోది ఏడవనే లేదు.”

గ్రూపు చూస్తే ఓ పాజిటివ్. ఫ్రిజ్ నిండా ఉంది, గండం గడిచిందనుకున్నాను. డి చుక్క వెయ్యగానే ఆమె కణాలు గులకరాయిలా గట్టిగా ముద్దకట్టాయి. అంత గట్టి పాజిటివ్ నేనెప్పుడూ చూడలేదు. తర్వాత క్రాస్‌మ్యాచ్ పెట్టాను. మొదటి సంచి ముద్దకట్టింది. రెండోదీ అంతే. ఉన్నవన్నీ పెట్టాను, నెల్లూరు నుంచి తెప్పించి పెట్టాను, చివరికి నా రక్తమే తీసి పెట్టాను. అన్నీ ముద్ద. ఆమె తేటలో ఆమె కణాలే వేస్తే మాత్రం సాఫీగా పారాయి.

పెద్ద డాక్టరు గారికి ఈ మాట చెప్పాను. ఆయన గొట్టాలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఈమెకు లేనిదేదో మనందరికీ ఉంది, అదేంటో వెతుకు అన్నాడు. లోపలి అలమరాలో ఎవరూ ముట్టని మందుసీసాలు తీశాం. పెద్ద సి వేశాను, కదలిక లేదు. చిన్న సి లేదు. పెద్ద ఇ లేదు. చిన్న ఇ లేదు. ఆమె కణాల మీద డి ఒక్కటే ఉంది. మిగతా చోటంతా ఖాళీ. ఇలాంటిది ఉంటుందని పాఠంలో రెండు వాక్యాలు చదివాను గానీ మనిషిని చూస్తాననుకోలేదు. పెద్ద డాక్టరు గారు కూడా అంతే.

ఇది ఎలా వస్తుందో నా పిల్లలకు చొక్కా జేబులతో చెప్పేదాన్ని. ప్రతి మనిషికీ రెండు జేబులు. ఒకటి అమ్మ కుట్టింది, ఒకటి నాన్న కుట్టింది. సి, ఇ గుర్తులు ఒక్క జేబులో ఉన్నా చాలు, లోటు తెలియదు. ఒక జేబు ఖాళీగా ఉన్న మనుషులు చాలా అరుదు, ఆ సంగతి వాళ్ళకే తెలియదు. రెండు జేబులూ ఖాళీ అయితేనే వెంగమ్మలా బయటపడుతుంది. ఒకే ఇంటివాళ్ళు చేసుకున్నప్పుడు ఒకే ఖాళీ రెండువైపుల నుంచీ వచ్చే వీలుంటుంది. ఇక అలాంటి మనిషిలోకి మామూలు రక్తం ఒకసారి వెళ్ళిందంటే, ఒళ్ళు దాన్ని శత్రువనుకుని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత కడుపులో బిడ్డకు తండ్రి నుంచి ఆ గుర్తులొస్తే బిడ్డనూ శత్రువనే అనుకుంటుంది. తల్లి రక్తమే బిడ్డ రక్తాన్ని విరగ్గొడుతుంది.

పెద్ద డాక్టరు గారు పెంచలయ్య రక్తం కూడా చూడమన్నాడు. ముద్దకట్టింది గానీ మిగతావాళ్ళంత గట్టిగా లేదు, కాస్త మెత్తగా ఉంది. అది ఆయన గమనించాడు, ఒక్క జేబే నిండుగా ఉన్నవాళ్ళకు అలా కట్టొచ్చు. వరండాలో ఓపీ జనం మధ్య నిలబడి ఉన్న తల్లినీ మొగుణ్ణీ చూసి, మీరు ముందే బంధువులా అని అడిగాడు. పక్కనే కాన్పుల డాక్టరమ్మ కేసు షీటు చూస్తోంది.

“కాదు సారూ. బయట సంబంధం” అంది రమణమ్మ.

ఆయన ఇంకోసారి అడిగాడు. ఆమె ఇంకోసారి అదే చెప్పింది. పెంచలయ్య నేల చూస్తున్నాడు. ఇక అడగడానికి ఏముంది? మెత్తగా కట్టడానికి వేరే కారణాలు కూడా ఉంటాయిలే అని అక్కడికి వదిలేశాం.

అన్న రక్తం

ఒకే తల్లీ తండ్రీ కన్న పిల్లల్లో నలుగురికి ఒకరు చొప్పున ఇలా ఉండే అవకాశం ఉంది. వెంగమ్మకు ఒక్క అన్న, మాలకొండయ్య. గొర్రెల్ని తోలుకుని కలువాయి వైపు పోయాడు, ఫోన్ తగల్లేదు. పెంచలయ్య బైకు మీద చేలంట తిరిగి వెతికి, మర్నాటికి ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. భుజాన గొంగడి, ఒంటినిండా మంద వాసన. సూది చూసి భయపడతాడేమో అనుకున్నాను. చెయ్యి చాపి, ఎంత కావాలంటే అంత తీసుకోండి, మా చెల్లెలికి బిడ్డ కావాల అన్నాడు.

ఆయన కణాలు వెంగమ్మ తేటలో కలిపి తిప్పాను. సాఫీగా పారాయి. నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. గొట్టం పట్టుకుని వరండాలో పరుగెత్తాను. పెద్ద డాక్టరు గారు ఆ ఒక్కసారి మాత్రం నేను పైకి చెప్పకముందే చూశాడు.

ఆ సంతోషం నిలవలేదు. నొప్పులు ముందే వచ్చేశాయి. మగబిడ్డ పుట్టాడు, ఏడ్చాడు. వెంగమ్మ విన్నది. కానీ గంటల్లో పచ్చబడ్డాడు. వాడి రక్తమంతా తీసేసి కొత్తది ఎక్కించాలి, తల్లికి సరిపోయే రక్తమే ఎక్కించాలి. అదే సమయానికి తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. మా దగ్గరున్నది అన్న ఇచ్చిన ఒక్క సంచి. బిడ్డకే ఎక్కించమని వెంగమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది. డాక్టరమ్మ వినలేదు. తల్లికే పెట్టింది. నేనైనా అదే చేసేదాన్ని. బిడ్డను నెల్లూరు పంపించాం. పంపిన బండిలోనే వెనక్కి తెచ్చారు.

ఇంటికి పంపించే రోజున పెద్ద డాక్టరు గారు రమణమ్మను కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పాడు. “ఈయన రక్తంలో ఉన్నవి ప్రతి బిడ్డకూ వస్తాయి తల్లీ. అవి మీ అమ్మాయికి గిట్టవు. ఎన్ని కన్నా ఇంతే. ఇక పిల్లలు వద్దు.”

బయటివాడైతే ఆ మాట అక్షరాలా నిజం. బయటివాడికి రెండు జేబులూ నిండుగా ఉంటాయి, ఏ జేబు బిడ్డకొచ్చినా తల్లికి పడదు.

రమణమ్మ తలూపి, “అంటే ఈయన రక్తమే గిట్టలేదు గదా సారూ” అంది. ఆయన అవునన్నాడు. ఆయనకు ఇంకో కేసు ఉంది, లేచి వెళ్ళిపోయాడు. నేను మందుల చీటీ వివరంగా చెప్పి పంపాను.

రెండోసారి

నాలుగైదేళ్ళు గడిచాయి. పెద్ద డాక్టరు గారు రిటైరై నెల్లూరులో ఉంటున్నాడు. ఒక మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పుకుంటుంటే కాన్పుల వార్డు నుంచి చీటీ వచ్చింది. పేరు చూసి క్యారేజీ మూసేశాను. వెంగమ్మ మళ్ళీ కడుపుతో వచ్చింది. నెలలు నిండబోతున్నాయి. బిడ్డ కదలడం లేదని తెచ్చారు. మేం వద్దన్నాం కాబట్టి తిడతామని ఇన్నాళ్ళూ ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదట. వెంట వచ్చిన మొగుడు వేరే మనిషి. కలిగిరి దగ్గర ఊరాయన, మొదటి పెళ్ళాం పోయింది. మంచివాడిలాగే ఉన్నాడు, ఏం జరుగుతోందో అర్థంకాక నిలబడి ఉన్నాడు.

మాలకొండయ్యకు ముందే కబురు పోయింది. ఆయన వచ్చాడు. వెనకాలే పిలవకుండానే పెంచలయ్య కూడా వచ్చి ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. విడిపోయిన మొగుడు ఎందుకొచ్చాడా అని నేను చూస్తున్నాను. రమణమ్మ పరుగున వచ్చి ఆయన భుజం పట్టుకుని లోపలికి తోసింది.

“ఒరే పెంచలయ్యా, నీది గూడా ఇయ్యరా. నువ్వు దాని మేనమామవు గదరా. నీది సరిపోతాదేమో.”

నా చేతిలో పని ఆగిపోయింది. ఏ అత్తా అల్లుణ్ణి ఒరే అనదు. రమణమ్మను కూర్చోబెట్టి, ఈయన నీకేమవుతాడు అని అడిగాను. తమ్ముడు అంది. కడగొట్టువాడు, తనే ఎత్తుకుని పెంచింది. తను కూడా తన మేనమామనే చేసుకుంది, కూతుర్ని తమ్ముడికిచ్చింది. అప్పుడెందుకు చెప్పలేదు అని అరిచాను. అవును, అరిచాను.

“ఆ డాక్టరమ్మ అందరి ముందరా తిడతాది గదమ్మా. మా వదిన చెప్పింది, బయట సంబంధం అనమని. తమ్ముణ్ణి అల్లుడుగోరు అని పిలవలేక చచ్చినాను.”

తర్వాత ఏం జరిగిందో ఆమే చెప్పింది. ఈయన రక్తం గిట్టలేదని సారు చెప్పినాడు. మేనరికం చేస్తే బిడ్డలు దక్కరని డాక్టరమ్మ ఎప్పుడూ చెప్తానే ఉంది. రెండు మాటలూ కలిపి ఆలోచించింది. తమ్ముడికి పిల్లలు కావాలి, కూతురికీ కావాలి. ఇద్దర్నీ కట్టేసి ఉంచి ఏం లాభం? పెద్దమనుషుల్ని పిలిచి విడగొట్టించింది. తమ్ముడికి వేరే పిల్లను చూసింది, ఇప్పుడు ఇద్దరు పిల్లలు, బాగానే ఉన్నారు. కూతురికి ఈసారి నిజంగానే బయట సంబంధం చూసి మారుమనువు చేసింది. డాక్టర్లు చెప్పినట్టే చేసినాను గదమ్మా అంది.

నిజమే. డాక్టర్లు చెప్పినట్టే చేసింది.

బిడ్డ అప్పటికే లోపల పోయింది. రక్తం ఆగక గర్భసంచి తీసేశారు. అన్న రక్తంతో వెంగమ్మ మాత్రం బతికింది. పెంచలయ్య రక్తం సరిపోలేదు గానీ నేను సి, ఇ గుర్తులకు ఒక్కో మందుచుక్కా వేసి మళ్ళీ చూశాను. పలికినవన్నీ సగం బలంగానే పలికాయి, ఒక్క జేబే నిండుగా ఉన్నట్టు. చెన్నైలో ఇలాంటివి చూసే ల్యాబుకు నమూనా పంపాను. పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పాను. నేను రెండుసార్లు అడిగాను కదమ్మా అన్నాడు. అడిగారు సార్, అందరి ముందూ అడిగారు అన్నాను. ఆయన మీద నాకు గౌరవంతోపాటు ఉన్న ఇంకోటి అదే. కోపమో జాలో నాకే తెలియదు.

జవాబు

మేనరికం మంచిదని ఇదంతా చదివి ఎవరూ అనుకోవద్దు. వెంగమ్మ రెండు జేబులూ ఖాళీ కావడానికి కారణం ఆ ఇంట్లో తరతరాలుగా వస్తున్న మేనరికమే. కానీ ఒకసారి ఆమె అలా పుట్టాక, ఆమెకు బతికే బిడ్డను ఇవ్వగలిగినవాడు ఒక జేబు ఖాళీగా ఉన్నవాడే. అలాంటివాడు బయట ఎక్కడ వెతికినా దొరకడు. సొంత ఇంట్లోనే దొరకొచ్చు. తిట్టేవాళ్ళకు భయపడి వాళ్ళు చెప్పిన అబద్ధం మీద మేము సలహా చెప్పాం. ఆ సలహా పట్టుకుని వాళ్ళు కాపురం విడగొట్టారు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మీరు రోగిని ఏదైనా అడిగితే నిజం చెప్పడానికి వీలుండేలా అడగండి. కాన్పుల డాక్టరమ్మకు కూడా ఇదే చెప్పాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత ఓపీ గదికి తెర కట్టించింది.

చెన్నై నుంచి జవాబు వచ్చిన వారమే వెంగమ్మ కుట్లు చూపించుకోవడానికి తల్లితో బస్సులో వచ్చింది. పెంచలయ్యకు ఒక జేబు ఖాళీయేనని తేలింది. నేను ఆ సంగతి చెప్పకూడదనుకున్నాను. చెప్పి ఏం ప్రయోజనం? కానీ వెంగమ్మ ల్యాబులోకి ఒక్కతే వచ్చి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. మా మామ రక్తం చెన్నైకి పంపినారంట, ఎందుకు అని అడిగింది. ఊరికే పరీక్షకు అన్నాను.

“నాకు మాయమాటలు చెప్పబాకండి అమ్మా. మా మామతోనే ఉండుంటే నాకు బిడ్డ బతికేదా?”

ఆ కళ్ళలోకి చూసి కాదనలేకపోయాను.

“ప్రతి కాన్పుకూ సగం అవకాశం ఉండేది వెంగమ్మా. ఒకటి పోయినా ఇంకోటి బతికేది.”

ఆమె ఏడవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేను కడిగి బోర్లించిన గాజు గొట్టాల వైపు చూస్తూ కూర్చుంది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. కాసేపటికి లేచి చీర సర్దుకుంది.

“మా అమ్మకి ఈ మాట చెప్పబాకండి. ఇడగొట్టించింది ఆమే. ఇన్నదంటే బతకదు.”

ఆమె డాక్టరమ్మ గదికి వెళ్ళింది. నేను మొహం కడుక్కుని బయటికొస్తే వరండా మెట్టు మీద రమణమ్మ క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

“వాడితో ఉన్నా ఇంతే గదమ్మా?”

జనం అబద్ధాలాడతారని ఉద్యోగమంతా సణిగినదాన్ని. ఆమె మొహం చూసి తడుముకోకుండా చెప్పాను.

“ఇంతేనమ్మా. ఎవరితో ఉన్నా ఇంతే.”

రమణమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వదిలింది. ఆ మాట చాలు తల్లీ అని క్యారేజీ గిన్నెలు విడదీసి, అన్నం చల్లారిపోతాంది రావే అని లోపలికి చూసి కూతుర్ని పిలిచింది.